ప్రకటన గ్రంథంలోని మృగం, వేశ్య, 666: తరచుగా అడిగే ప్రశ్నలు

అంత్యదినాల మీద ప్రసంగం విన్న రాత్రి భయంతో నిద్రపట్టని పిల్లలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. పెద్దయ్యాక వాళ్ళలో కొందరు ప్రకటన గ్రంథం తెరవడమే మానేస్తారు. ఇంకొందరు ప్రతి వార్తలోనూ మృగాన్ని వెతుకుతారు. బైబిలు తరగతుల్లో, గృహ కూడికల్లో పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. సంఘాలు ఏకీభవించని చోట ఎవరు ఏమంటారో చెప్పి, నాకు ఏది సరిగ్గా అనిపిస్తుందో కూడా చెప్పాను.

ఇన్ని వింత ఆకారాలు! వీటి అర్థం ఎక్కడ వెతకాలి?

ముందుగా ఆ పుస్తకంలోనే. దాన్ని రాసిన యోహాను చాలా గుర్తులకు అర్థం తానే చెప్పేశాడు. ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు (1:20). ధూపద్రవ్యం పరిశుద్ధుల ప్రార్థనలు (5:8). ఘటసర్పం అంటే సాతాను (12:9). మృగం ఏడు తలలు ఏడు కొండలు, పది కొమ్ములు పదిమంది రాజులు, వేశ్య కూర్చున్న జలాలు ప్రజలు, జనసమూహాలు (17:9, 12, 15). గొఱ్ఱెపిల్ల భార్య ధరించిన సన్నపు నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియలు (19:8). ఇవి ఒక కాగితం మీద రాసుకుంటే పుస్తకంలో సగం బరువు దిగిపోతుంది.

తర్వాత వెతకాల్సింది పాత నిబంధనలో. “అని వ్రాయబడియున్నది” అంటూ యోహాను ఎక్కడా వచనం ఎత్తి చూపడు కానీ దానియేలు, యెహెజ్కేలు, యెషయా, జెకర్యా మాటలు దాదాపు ప్రతి పేరాలోనూ వినిపిస్తాయి. ఆ నాలుగు పుస్తకాలు చదవకుండా నేరుగా 13వ అధ్యాయంలోకి దూకితే, ఖాళీగా ఉన్న చోట మన ఊహలు, మన రాజకీయాలు వచ్చి కూర్చుంటాయి.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ మాట వినగానే, ఈ పుస్తకాన్ని మొదట అందుకున్న సంఘాల్లో ఒకటైన పెర్గములోని విశ్వాసికి ఏం గుర్తుకొచ్చి ఉంటుంది? అతనికి ఏమాత్రం అర్థం కాని సంగతిని అతని పేరున ఉత్తరంగా రాశారంటే నమ్మడం కష్టం.

ఈ పుస్తకం ఎవరికి, ఎప్పుడు రాశారు?

ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అనే ఏడు సంఘాలకు. ఇవన్నీ ఇప్పటి టర్కీ దేశపు పశ్చిమ భాగంలో ఉండేవి. యోహాను అప్పుడు పత్మాసు ద్వీపంలో ఉన్నాడు. డొమిషియన్ చక్రవర్తి పాలన చివరి రోజుల్లో, అంటే క్రీ.శ. 95 ప్రాంతంలో ఈ దర్శనం కలిగిందని రెండో శతాబ్దపు సంఘ నాయకుడు ఐరేనియస్ రాశాడు. ఎక్కువమంది పండితులు ఈ కాలాన్నే ఒప్పుకుంటారు. 70లో యెరూషలేము దేవాలయం కూలకముందే రాశారని వాదించేవాళ్ళూ ఉన్నారు.

సముద్రంలో నుంచి వచ్చిన మృగం ఎవరు?

దానియేలు 7వ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవండి. అక్కడ సముద్రంలో నుంచి నాలుగు మృగాలు వస్తాయి: సింహం, ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి, పది కొమ్ముల భయంకరమైన మృగం. అవి నలుగురు రాజులని దానియేలుకే చెప్పారు (7:17). యోహాను చూసిన మృగానికి చిరుతపులి ఒళ్ళు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు, పది కొమ్ములు ఉన్నాయి. దానియేలు మృగాల తలలన్నీ కూడితే ఏడు, ఈ మృగానికీ ఏడు తలలే. లోకాన్ని తొక్కిన సామ్రాజ్యాల క్రూరత్వమంతా ఒకే ఒంట్లో పోగుపడింది.

మొదటి శతాబ్దపు పాఠకుడికి ఆ మృగం రోమా సామ్రాజ్యమే. ఆ మృగం తలల్లో ఒకదానికి చావుదెబ్బ తగిలి మానిందన్నది (13:3) కూడా వాళ్ళకు కొత్త మాట కాదు. 64లో రోమా నగరం తగలబడ్డాక నీరో ఆ నింద క్రైస్తవుల మీద వేసి వాళ్ళను దారుణంగా చంపించాడు. 68లో అతను ఆత్మహత్య చేసుకున్నాక, నిజంగా చావలేదనీ తిరిగి వస్తాడనీ పుకార్లు లేచాయి. నేనే నీరోనని చెప్పుకుంటూ నకిలీలు కూడా బయలుదేరారు.

మరి మృగం కథ రోమాతో ముగిసిపోయిందా? నాకు అలా అనిపించదు. దానియేలు చూసినవాటిని యోహాను తన కాలానికి తెచ్చుకున్నాడు. రాజ్యం తనను తాను దేవుడి స్థానంలో నిలబెట్టుకుని ప్రాణాలు బలి అడిగిన ప్రతిసారీ ఆ రూపాన్ని గుర్తుపట్టడం సంఘం పని. చివరి రోజుల్లో అది ఒక వ్యక్తిలో పూర్తిగా బయటపడుతుందని చాలా సంఘాలు నమ్ముతాయి. ఆ నమ్మకానికీ ఇందులో చోటుంది.

భూమిలో నుంచి వచ్చిన రెండో మృగమో?

దానికి గొఱ్ఱెపిల్ల కొమ్ముల్లాంటి రెండు కొమ్ములున్నాయి, మాట మాత్రం ఘటసర్పంలా ఉంది. దీన్నే తర్వాత అబద్ధ ప్రవక్త అన్నారు (19:20). దీని పని మొదటి మృగానికి మొక్కించడం. ఈ ఏడు పట్టణాల్లో అలాంటి పూజ కళ్ళ ముందే జరిగేది. పెర్గములో అగస్టస్ చక్రవర్తికీ రోమా దేవతకూ క్రీ.పూ. 29లోనే గుడికి అనుమతి వచ్చింది. డొమిషియన్ కాలంలో ఎఫెసులో చక్రవర్తి వంశానికి గుడి కట్టారు. కొన్నేళ్ళ తర్వాత, 112 ప్రాంతంలో, పక్కనున్న బితూనియ అధిపతి ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. క్రైస్తవులని ఫిర్యాదు వచ్చినవాళ్ళతో చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేయించి, ద్రాక్షారసం పోయించి, క్రీస్తును దూషింపజేసి వదిలేసేవాణ్ణని, ఒప్పుకోనివాళ్ళకు మరణశిక్ష వేశానని అందులో ఉంది. 13వ అధ్యాయం ఈ ఉత్తరంతో కలిపి చదివితే గుండె బరువెక్కుతుంది.

666 అంటే ఏమిటి? ఎవరి పేరు?

అప్పట్లో అంకెలకు వేరే గుర్తులు ఉండేవి కావు, అక్షరాలతోనే లెక్క రాసేవాళ్ళు. అందుకే ప్రతి పేరుకూ ఒక మొత్తం వచ్చేది. పొంపేయి శిథిలాల్లో ఒక గోడ మీద “545 సంఖ్య గల ఆమెను ప్రేమిస్తున్నాను” అని గ్రీకులో రాసి ఉంది. ఆ అమ్మాయి తెలిసినవాళ్ళకే ఆ గుట్టు తెలుస్తుంది. మృగం సంఖ్య 666 అని చెప్పే 13:18 కూడా ఇలాంటిదే. పేరు ముందే తెలిసినవాళ్ళు లెక్క సరిచూసుకోవచ్చు. కానీ సంఖ్య చేతిలో పెట్టుకుని పేరు కనిపెట్టబోతే వేల పేర్లు సరిపోతాయి. ఇన్ని శతాబ్దాల గందరగోళానికి కారణం అదే.

ఎక్కువమంది పండితులు చెప్పే జవాబు నీరో కైసరు. గ్రీకు ఉచ్చారణ ప్రకారం ఆ పేరును హీబ్రూ అక్షరాల్లో రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, కోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200. కూడితే 666. లాటిన్ ఉచ్చారణ ప్రకారం రాస్తే పేరు చివరి నూన్ పోయి 616 వస్తుంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 616 అనే ఉంది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన 115వ నంబరు పాపిరస్ వాటిలో ఒకటి. ఒకే పేరు ఈ రెండు సంఖ్యలకూ కారణం చెబుతుంది కాబట్టి నాకు ఈ జవాబే బలంగా కనిపిస్తుంది.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. 180 ప్రాంతంలో ఐరేనియస్ ఈ సంఖ్య గురించి రాస్తూ కొన్ని పేర్లు పరిశీలించాడు గానీ నీరో పేరే ఎత్తలేదు. పేరు ఇదేనని తేల్చి చెప్పడం ప్రమాదమనీ, మనకు తెలియాల్సిన అవసరం ఉంటే యోహానే చెప్పేవాడనీ అన్నాడు. మరికొందరు పేరు లెక్క జోలికే వెళ్ళరు. ఏడు సంపూర్ణతకు గుర్తు కాబట్టి ఏడును ఎప్పటికీ అందుకోలేని ఆరు మూడుసార్లు వచ్చిందంటారు. గ్రీకులో యేసు పేరు మొత్తం 888 కావడం వాళ్ళకు ఇష్టమైన సంగతి.

ఆధార్, బార్‌కోడ్, టీకా, చిప్... వీటిలో ఏదైనా మృగం ముద్రా?

కాదు. ఈ ప్రశ్న భయంతో అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

13వ అధ్యాయం చివర మృగం పేరు నుదుటి మీదో కుడిచేతి మీదో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. వెంటనే 14:1లో గొఱ్ఱెపిల్ల పేరు, ఆయన తండ్రి పేరు నుదుటి మీద ఉన్నవాళ్ళు కనిపిస్తారు. మధ్యలో అధ్యాయం మారడం వల్ల ఈ జత మన కంటపడదు. గొఱ్ఱెపిల్ల పేరును పచ్చబొట్టు అని మనమెవరం అనుకోం. అది ఎవరికి చెందినవాళ్ళమో చెప్పే గుర్తు. మృగం ముద్రను మాత్రం చర్మం కింద చిప్ అనుకుంటే ఒకే జతను రెండు కొలతలతో కొలిచినట్టే. దేవుని ఆజ్ఞల్ని చేతికి సూచనగా కట్టుకోవాలి, కన్నుల మధ్య బాసికంలా ఉంచుకోవాలి అని ద్వితీయోపదేశకాండం 6:8లో చదివిన యూదుడికి చేయి అంటే పని, నుదురు అంటే మనసు.

రెండో సంగతి, ఆ ముద్ర ఆరాధనతో కలిసి వస్తుంది (14:9). తెలియకుండా, నిద్రలో, ఆసుపత్రిలో ఎవరికీ పడదు. బార్‌కోడ్‌లో 666 దాగుందన్న మాట కూడా నిజం కాదు. మొదట్లో, మధ్యలో, చివర కనిపించే పొడవైన గీతల జతలు కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్కానర్‌కు చెప్పే హద్దులు. ఆరు అంకె గీతలు వాటిలా కనిపిస్తాయి, అంతే. ఆధార్ విషయంలో గోప్యత గురించి ఆలోచించాల్సింది నిజంగానే ఉంది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాని వాడకానికి హద్దులు పెట్టింది. పౌరులుగా ఆ చర్చ చేద్దాం. కోవిడ్ రోజుల్లో టీకా మృగం ముద్ర అంటూ ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లు మాత్రం వృద్ధుల ప్రాణాలతో ఆడుకున్నాయి. ప్రవచనం పేరు మీద అలాంటి పని జరగడం నాకు చాలా బాధ.

ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు (13:17) అన్న మాటకొస్తే తుయతైర గుర్తు చేసుకోండి. చేతివృత్తుల సంఘాలకు పేరున్న ఊరది. ఊదారంగు బట్టలమ్మిన లూదియ అక్కడి మనిషే (అపొ. కార్యములు 16:14). ఆ వృత్తి సంఘాల విందులు దేవతల పేరు మీద జరిగేవి. విందుకు రానివాడికి వ్యాపారంలో చోటు కష్టం. విశ్వాసానికీ కూటికీ మధ్య నలిగిన మనుషులు ఈ మాటలు మొదట విన్నారు.

క్రీస్తు విరోధి, పాపపురుషుడు, మృగం: ముగ్గురూ ఒకరేనా?

ఒకరేనని చాలా ప్రసంగాల్లో వింటాం. అయితే “క్రీస్తు విరోధి” అన్న పేరు ప్రకటన గ్రంథంలో ఒక్కసారి కూడా రాదు, యోహాను మొదటి, రెండో పత్రికల్లోనే వస్తుంది. అక్కడ కూడా అనేకమంది క్రీస్తు విరోధులు అప్పటికే బయలుదేరారని ఉంది (1 యోహాను 2:18). వాళ్ళు సంఘంలో నుంచే వెళ్ళిపోయినవాళ్ళు. పాపపురుషుడు పౌలు మాట (2 థెస్సలొనీక 2:3). ఈ మూడింటినీ కలిపి ఒక మనిషిగా చూడడం రెండో శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి కాబట్టి తోసిపుచ్చలేం. అయినా ముందు ఏ పత్రికను ఆ పత్రికగా చదవండి. విరోధి ఎక్కడో పరాయి దేశపు రాజధానిలోనే ఉంటాడన్న ధీమాను యోహాను పత్రిక ఉంచనివ్వదు.

మహా బబులోను అంటే కాథలిక్ సంఘమా?

మహా బబులోను 17వ అధ్యాయంలోని వేశ్య పేరు. ఆమె కాథలిక్ సంఘమన్న వ్యాఖ్యానం సంస్కరణ కాలంలో బలపడింది. 1522 సెప్టెంబరులో అచ్చయిన లూథర్ కొత్త నిబంధన బొమ్మల్లో బబులోను వేశ్య తల మీద పోపు ధరించే మూడంతస్తుల కిరీటం కనిపిస్తుంది. అభ్యంతరాలు రావడంతో అదే ఏడాది డిసెంబరు ముద్రణలో దాన్ని మామూలు కిరీటంగా మార్చారు. ప్రొటెస్టెంటు లోకంలో ఆ భావన చాలాకాలం నడిచింది.

యోహాను పాఠకులకైతే పోపు తెలియదు. ఏడు కొండల మీద కూర్చుని భూరాజులను ఏలే మహా పట్టణం (17:9, 18) అంటే వాళ్ళకు రోమా నగరమే. 71లో వెస్పాసియన్ వేయించిన నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చునే ఉంది. పేతురు పత్రిక కూడా బబులోను నుంచి వందనాలు చెబుతుంది (1 పేతురు 5:13), అక్కడా రోమాయే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మొదటి దేవాలయాన్ని బబులోను కూల్చింది, రెండోదాన్ని రోమా కూల్చింది. పేరు అందుకే అతికింది. 18వ అధ్యాయంలో వర్తకులు ఏడుస్తూ చెప్పే సరుకుల జాబితా చదవండి. బంగారంతో మొదలై, గోధుమలు, పశువులు, గొఱ్ఱెలు దాటి, మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. మనిషిని సరుకుగా లెక్కగట్టే వ్యాపారం మీద వచ్చిన తీర్పు అది. దాన్ని మన వీధిలోని కాథలిక్ కుటుంబం మీదికి తిప్పడం అన్యాయం.

సూర్యుణ్ణి ధరించుకున్న స్త్రీ మరియమ్మేనా?

12వ అధ్యాయంలోని సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు యోసేపు కలలోవి (ఆదికాండం 37:9). అక్కడ అవి యాకోబు కుటుంబం. ఇనుపదండంతో ఏలే శిశువు 2వ కీర్తనలోని మెస్సీయ. కాబట్టి ఆ స్త్రీ మెస్సీయను కన్న దేవుని ప్రజలని చదవడమే సహజంగా ఉంటుంది. ఆమె మిగతా సంతానం యేసు సాక్ష్యం గలవారు (12:17) కనుక సంఘం కూడా అందులోకి వస్తుంది. కాథలిక్కులు మరియమ్మను చూస్తారు. ఆ శిశువును నిజంగా కన్న తల్లి ఆమే కదా, అందువల్ల ఆ చూపుకూ ఆధారం లేకపోలేదు.

నాలుగు గుర్రాలు?

6వ అధ్యాయంలో వచ్చే ఈ గుర్రాల్లో ఎఱ్ఱనిది యుద్ధం, నల్లనిది కరువు, పాండుర వర్ణం గలది మరణం. గుర్రాలు జెకర్యా 1, 6 అధ్యాయాల నుంచి వచ్చాయి. తెల్ల గుర్రం మీదే తగాదా. దాని మీద ఉన్నది క్రీస్తని కొందరు, అబద్ధ క్రీస్తని కొందరు, దండెత్తి గెలిచే రాజ్యమని ఇంకొందరు అంటారు. మిగతా మూడూ నాశనాలే కాబట్టి నాకు మూడోది నచ్చుతుంది. నల్ల గుర్రం దగ్గర వినిపించే ధర గమనించండి: దేనారానికి సేరు గోధుమలు. దేనారం కూలివాడి రోజు కూలి, ఆ కొలత ఒక మనిషి ఒక రోజు తిండి. ఇంట్లో భార్యాపిల్లలకు ఏమీ మిగలదు. నూనెకూ ద్రాక్షారసానికీ మాత్రం ఏమీ కాకూడదట.

1,44,000 మంది ఎవరు?

7వ అధ్యాయంలో దేవుని ముద్ర పొందినవాళ్ళ సంఖ్య ఇది. యెహోవా సాక్షులు దీన్ని అక్షరాలా లెక్కగా తీసుకుంటారు. చివరి కాలంలో నమ్మే యూదులని మరికొందరు అంటారు. నన్ను ఒప్పించింది యోహాను రాసిన తీరు. 5వ అధ్యాయంలో అతను యూదా గోత్రపు సింహం అన్న మాట వింటాడు, చూస్తే వధింపబడిన గొఱ్ఱెపిల్ల. 7వ అధ్యాయంలో 1,44,000 అన్న సంఖ్య వింటాడు, చూస్తే ప్రతి జనంలో నుంచి వచ్చిన, ఎవరూ లెక్కించలేని గొప్ప సమూహం. రెండుసార్లూ విన్నదీ చూసినదీ ఒకటే. పన్నెండును పన్నెండుతో, దాన్ని వెయ్యితో హెచ్చవేసిన సంఖ్య, ఒక్కరూ తప్పిపోని దేవుని ప్రజ.

1260 రోజుల్ని సంవత్సరాలుగా లెక్కపెట్టవచ్చా?

42 నెలలు, 1260 రోజులు, “ఒక కాలం, కాలాలు, అర్ధకాలం” ఒకే నిడివి, మూడున్నరేళ్ళు. క్రీ.పూ. 167లో అంతియొకస్ ఎపిఫానెస్ దేవాలయాన్ని అపవిత్రం చేసిన నాటి శ్రమలు యూదుల మనసులో అలాంటి కొలతగా నిలిచిపోయాయి. శ్రమకు హద్దు ఉంది, ఏడు పూర్తికాకుండానే తెగిపోతుంది అన్న ధైర్యం అందులో ఉంది.

రోజుకో సంవత్సరం చొప్పున లెక్కవేసినవాళ్ళలో అమెరికాకు చెందిన విలియం మిల్లర్ ప్రసిద్ధుడు. దానియేలు 8:14లోని 2300 దినాలను క్రీ.పూ. 457 నుంచి లెక్కించాడు. చివరికి అతని అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కోతకొచ్చిన పంటను పొలంలో వదిలేసినవాళ్ళూ ఉన్నారు. ఆ నిరాశలో నుంచే తర్వాత సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం పుట్టింది. తేదీ పెట్టే లెక్క ఎవరు తెచ్చినా, ఆ దినం ఎవరికీ తెలియదన్న మత్తయి 24:36 దగ్గర ఆగిపోవాలి.

గోగు, మాగోగు అంటే రష్యానా?

గోగు ఏలే మెషెకు అంటే మాస్కో, తుబాలు అంటే రష్యాలోని టొబోల్స్క్ అని శబ్దాలు కలిపి చెప్పిన వ్యాఖ్యానమిది. అష్షూరు శాసనాల్లో ముష్కి, తబల్ అనే జనాలు ఇప్పటి టర్కీ ప్రాంతంలో కనిపిస్తారు. యెహెజ్కేలు 38లోని పేర్లు వాళ్ళవే. ప్రకటన 20:8 నాటికి గోగు, మాగోగు భూమి నలుదిశలా ఉన్న జనాలయ్యారు. ఒక దేశానికి అంటగట్టే వీలు ఇక లేదు.

మన సంఘాల్లో గోడకు వేలాడదీసే అంత్యకాల చార్టు ఎక్కడి నుంచి వచ్చింది?

సంఘం రహస్యంగా ఎత్తబడటం, ఏడేళ్ళ శ్రమలు, తర్వాత వెయ్యేళ్ళ పాలన అన్న వరస పందొమ్మిదో శతాబ్దంలో బ్రదరెన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ బోధతో పాకింది. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు అడుగున ఉన్న వివరణలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. ఆ బ్రదరెన్ ఉద్యమానికి చెందిన మిషనరీలు బౌడెన్, బీర్ 1836లోనే భారతదేశానికి వచ్చి, తర్వాత నరసాపురంలో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టాలో ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇదొక్కటే దారి కాదని పిల్లలకు చెప్పాలి. చాలావరకు మొదటి శతాబ్దంలోనే నెరవేరిందని కొందరు, సంఘ చరిత్ర పొడుగునా నెరవేరుతోందని కొందరు, ఎక్కువ భాగం ఇంకా జరగాల్సి ఉందని కొందరు, ప్రతి కాలంలోనూ మంచికీ చెడుకూ జరిగే పోరాటమని కొందరు చదువుతారు. వెయ్యేళ్ళు నిజంగా వస్తాయని ఐరేనియస్ నమ్మాడు. అది ఇప్పటి సంఘకాలమేనని అగస్టీన్ నమ్మాడు. ఇద్దరినీ సంఘం తండ్రులుగానే గౌరవిస్తోంది.

ఫలానా నాయకుడే మృగమని ప్రసంగీకుడు చెబితే ఏం చేయాలి?

నెపోలియన్‌ను అన్నారు, ముస్సోలినీని అన్నారు. వాళ్ళు పోయారు, వాళ్ళను వేలెత్తి చూపిన పుస్తకాలూ మూలన పడ్డాయి. గౌరవంగానే అడగండి: అయ్యగారూ, ఈ అర్థం స్ముర్న సంఘానికి ఎలా ఉపయోగపడింది? పాత నిబంధనలో దీనికి ఆధారం ఏది? ఆ మనిషి రేపు చనిపోతే ఈ వచనాన్ని మీరెలా చెబుతారు?

మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అర్సినోయెలో ఇలాంటి గొడవే వచ్చింది. నేపోస్ అనే బిషప్పు రాసిన పుస్తకం పట్టుకుని, వెయ్యేళ్ళ రాజ్యం గురించి ఊళ్ళు చీలిపోయాయి. అలెగ్జాండ్రియా బిషప్పు డయోనీషియస్ స్వయంగా వెళ్ళి, పెద్దల్ని కూర్చోబెట్టి, మూడు రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పుస్తకం చదివి చర్చించాడు. ఎవరూ మొండికేయలేదు. చివరికి ఆ బోధ చెబుతున్న నాయకుడే దాన్ని వదిలేస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అప్పటికి నేపోస్ చనిపోయాడు. అతని విశ్వాసాన్ని, పాటల్ని ఎంతో ప్రేమించానని డయోనీషియస్ రాసుకున్నాడు. మన సంఘాల్లో వాదన ఈ తీరున జరిగితే ఎంత బాగుండు అనిపిస్తుంది.

చిన్నపిల్లలకు, కొత్త విశ్వాసులకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

4, 5 అధ్యాయాలతో. సింహాసనం, దాని మధ్య గొఱ్ఱెపిల్ల కనిపించాక మృగం ఎంత పెద్దదైనా చిన్నదే అనిపిస్తుంది. తర్వాత ఏడు ఉత్తరాలు (2, 3 అధ్యాయాలు), ఆ తర్వాత దానియేలు 7, అప్పుడు ప్రకటన 12 నుంచి 14. వీలైతే బయటికి చదవండి, ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినండి. 1:3లో ధన్యులని చెప్పింది చదివేవాణ్ణి, విని గైకొనేవాళ్ళనే.